సైన్యం కబురు వాడదాకా వస్తోందా?

మధురానగర్‌లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ అమీర్‌పేట. అక్కడ ఫీజు కట్టి చేరినవాళ్లకు నోటిఫికేషన్ గుర్తుచేసేది, ఫారం నింపించేది కోచింగ్ సెంటరే. అంత ఫీజు కట్టలేని దళిత విద్యార్థికి ఆ పని ఎవరు చేయాలి? సైనిక విద్యాసంస్థలు అభ్యర్థులతో మాట్లాడే తీరును పక్కపక్కన పెట్టి చూస్తే, వడపోత పరీక్ష హాలుకంటే ముందే మొదలవుతుందని అర్థమవుతుంది.

డెహ్రాడూన్‌లోని ఆర్‌ఐఎంసీది పాత పద్ధతి. ముందు డబ్బు కట్టి కాలేజీ నుంచి ప్రాస్పెక్టస్, దరఖాస్తు ఫారం పోస్టులో తెప్పించుకోవాలి. నింపిన ఫారం మాత్రం పంపాల్సింది రాష్ట్రానికి. తెలంగాణలో ఆ పరీక్ష బాధ్యత పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ది. పోస్టు ఆలస్యమైతే గడువు దాటిపోతుంది.

సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఆన్‌లైన్ దరఖాస్తుతో జరుగుతుంది. ఆరో తరగతి పరీక్ష తెలుగులో రాయొచ్చు. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషే. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. అయితే ర్యాంకు వచ్చాక ఈ-కౌన్సెలింగ్‌లో స్కూళ్లు ఎంచుకోవాలి, వచ్చిన సీటును గడువులోగా ఒప్పుకోవాలి. ఇంట్లో ఒకే ఫోను, అదీ తండ్రితో పాటు కూలిపనికి వెళ్లేదైతే సీటు చేజారిపోవచ్చు.

ఎన్డీయే సంగతి వేరు. ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు దరఖాస్తు ఫీజు లేదు. ఆ మినహాయింపు ఫీజు దగ్గరే ఆగిపోతుంది, సీట్లలో రిజర్వేషన్ లేదు. రాతపరీక్ష గట్టెక్కినవాళ్లు ఫలితం వచ్చిన రెండు వారాల్లోగా ఆర్మీ రిక్రూట్‌మెంట్ వెబ్‌సైట్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఇంతకుముందే నమోదైనవాళ్లకు ఆ అవసరం లేదు. ఎస్‌ఎస్‌బీ కేంద్రం, తేదీ ఈమెయిల్‌కే వస్తాయి. నెట్ సెంటర్‌వాళ్ల మెయిల్ ఇచ్చి దరఖాస్తు చేసిన కుర్రాడికి ఆ కబురు ఎలా తెలుస్తుంది? మొత్తం 1800 మార్కుల్లో 900 ఎస్‌ఎస్‌బీవే. మొదటిసారి వెళ్లేవారికి రైలు ఛార్జీలు తిరిగి ఇస్తారు కాబట్టి టికెట్ దాచుకోవాలి. తుది ఫలితాల తర్వాత మార్కులు వెబ్‌సైట్‌లో పెడతారు. ఎందుకు ఎంపిక కాలేదో మాత్రం విడిగా రాసివ్వరు.

అమెరికాలోని వెస్ట్ పాయింట్‌లో ఒక్కో ప్రాంతానికి ఒక అడ్మిషన్స్ అధికారి ఉంటారు. ఫైలులో ఏ కాగితం తక్కువైందో అభ్యర్థి పోర్టల్‌లో చూసుకోవచ్చు. అదేమీ సమానత్వపు స్వర్గం కాదు. ఎక్కువమందికి కాంగ్రెస్ సభ్యుల నామినేషన్ కావాలి, పలుకుబడికి అక్కడా చోటుంది. కానీ ఫలానా మనిషిని అడగొచ్చు అనే భరోసా ఉంది.

తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు రుక్మాపూర్‌లో సైనిక పాఠశాల, భువనగిరిలో అమ్మాయిలకు సాయుధ దళాల శిక్షణ డిగ్రీ కాలేజీ పెట్టాయి. అక్కడ తేదీలు గుర్తుచేయడానికి టీచర్లుంటారు. మిగతా హాస్టళ్లలో ఆ పని మనం అడిగి చేయించాలి. ప్రతి సంక్షేమ హాస్టల్ నోటీసు బోర్డుపై తెలుగులో తేదీలు ఉండాలి. ప్రతి విద్యార్థికీ సొంత ఈమెయిల్ ఉండాలి, దాని పాస్‌వర్డ్ విద్యార్థి దగ్గరే ఉండాలి. కులధ్రువీకరణ పత్రం నోటిఫికేషన్‌కు ముందే చేతిలో ఉండాలి. కబురు అందని చోట ప్రతిభను కొలిచామనడం అబద్ధం.