పెద్ద చిత్రము, చిన్న ముక్కలు

అభిమానులు మరకలు, గీతలు తొలగించి బాగుచేసిన పాత సినిమా ఫైలు 40 గిగాబైట్లు ఉండవచ్చును. సెకనుకు 20 మెగాబిట్ల వేగముతో దానిని దింపుకొనుటకు సుమారు నాలుగున్నర గంటలు పట్టును. నడుమ లైను తెగినచో? 2022 మే 24న అమలాపురములో అల్లర్లు జరిగిన పిమ్మట కోనసీమలో ఇంటర్నెట్టే కొన్ని దినములు ఆగిపోయినది.

టొరెంటు పద్ధతిలో ఫైలు ముక్కలుగా వచ్చును. పంటుమీద గోదావరి దాటించు కొబ్బరికాయల బస్తాలవలె, దాటినవి దాటినట్లే. ప్రతి ముక్కలోని అంకెలనుండి లెక్కకట్టిన గుర్తు ముందే జాబితాలో ఉండును. ఒక్క బిట్టు మారినను గుర్తు కుదరదు. అప్పుడు కంప్యూటరు ఆ ముక్కను మాత్రమే మరల తెప్పించును. ఇది తెలియక కొత్తవారు సగము వచ్చిన ఫైలును చెరిపివేయుదురు, పాపము!

ఫ్యాట్32 పద్ధతి పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లు మించిన ఫైలు పట్టదు. మన దేశములో సినిమాపై హక్కు, విడుదలైన మరుసటి ఏటినుండి 60 సంవత్సరములుండును. అదియు ముందే చూచుకొనవలెను.