ఒకే జట్టులో ధర్మవీరుడు, దొంగ!

హీరో, విలన్ ఎదురుబొదురుగా నిలబడితే అది క్లైమాక్స్! మరి ఇద్దరూ ఒకే జట్టులో చేరి, ఒకే చలిమంట దగ్గర నిద్రపోవాల్సి వస్తే? అదే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోని మజా.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి పేరుతో ఈ ఆట వెలువడింది. తెరా లేదు, కెమెరా లేదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. కథ నడిపేవాడు ‘డంజన్ మాస్టర్’. మన డైరెక్టర్ లాంటివాడన్నమాట! మిగతావాళ్లది తలా ఒక వేషం. డైలాగులు అప్పటికప్పుడు పుట్టాల్సిందే. కత్తి వేటు తగిలిందో, తప్పిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ప్రతి పాత్రకూ ఒక నైజం ఉంటుంది. మొదట్లో మూడే రకాలు: నియమం, తటస్థం, అరాచకం. 1978 నాటి ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’లో మంచిచెడ్డలు కూడా కలిసి తొమ్మిదయ్యాయి. మాట తప్పని దుర్మార్గుడూ ఉండొచ్చు, ఏ రూలూ పట్టని మంచివాడూ ఉండొచ్చు. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టే మన సినిమా హీరో ఈ రెండో బాపతే కదూ!

చిక్కంతా ‘పాలడిన్’ అనే ధర్మవీరుడితో. ఆ 1978 పుస్తకం ప్రకారం తెలిసి ఒక్క పాపం చేశాడా, ఆ హోదా శాశ్వతంగా పోయినట్టే. మంచివాళ్లతో తప్ప తిరగకూడదు కూడా. 2014 పుస్తకంలో ఆ షరతులు సడలాయిగానీ పేచీ మాత్రం పోలేదు.

ఓసారి నేనూ మిత్రులతో ఆడాను. నాది ధర్మవీరుడి వేషం. లొంగిపోయిన బందీని మా జట్టు దొంగ ఠక్కున పొడిచేశాడు. “ఏం చేయను గురూ, నా క్యారెక్టరే అంత!” అన్నాడు. నేను కత్తి దూశాను. కాసేపటికి పాత్రలు తగ్గాయి, మనుషులు మొదలెట్టారు! ఆ బందీని అన్నగా ఊహించుకుని మూడు వారాలుగా కథ అల్లుకుంటున్న ఒకమ్మాయి కళ్లనీళ్లతో సంచీ సర్దుకుంది.

డంజన్ మాస్టర్ పాచికలు పక్కన పెట్టి ఒక్కటే అడిగాడు: “ఆ క్యారెక్టర్ని రాసిందెవరోయ్?”

దొంగగారు నోరెత్తితే ఒట్టు! చివరికి ఒప్పందం కుదిరింది. పాత్రలు ఎంతైనా తగవు పడొచ్చు. కానీ పక్కవాడి కథను అడక్కుండా తెగ్గొట్టకూడదు. ఆ అమ్మాయి ఆగింది. బందీ బతికాడు. దొంగ దొంగగానే మిగిలాడు. కాకపోతే జట్టును వదిలి పోలేని కారణం ఒకటి తన పాత్రకు తగిలించుకున్నాడు. తన తమ్ముణ్ణి చెరపట్టిన రాజే మా అందరికీ శత్రువట!

2023లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ చూశారా? క్రిస్ పైన్ దొంగ, రెగే-జాన్ పేజ్ ధర్మవీరుడు. ధర్మవీరుడి తీరు దొంగకు గిట్టదు. అయినా పనిపడ్డాక కలిసి నడుస్తారు. అతని నీతులకు ఇతను విసుక్కోవడమే అసలైన హాస్యం!

విలన్ వేషం కట్టడం తప్పు కాదు సుమండీ. మన తెరమీద విలన్లు తెర వెనక హీరోతో కలిసి కాఫీ తాగినవాళ్లే! కత్తి పాత్రకు, కాఫీ మనిషికి... ఆ తేడా తెలిస్తే చాలు, మీ బల్ల దగ్గర ఎవరికైనా చోటుంటుంది. ఏమంటారు?