చిల్లర ఏదీ?

బాలలూ! మీ అమ్మ మీ చేతికి వంద రూపాయలిచ్చి, "కందిపప్పు అరకిలో పట్టుకురా" అని అంగడికి పంపిందనుకోండి. మీరు తిరిగి రాగానే ఏమంటుంది? "పప్పు ఎంత పడింది? చిల్లర ఏదీ?" అంటుంది. మీ మీద నమ్మకం లేక కాదు. అది ఇంటిల్లిపాదికీ చెందిన డబ్బు గదా! అందరి డబ్బుకూ లెక్క ఉండాలి.

మరి రాష్ట్రంలో ఉన్న అందరి డబ్బు మాటేమిటి? మీరు బిస్కట్ల పొట్లం కొన్నా అందులో కొంత పన్ను ఉంటుంది. అలా చేరిన పైసలే బడులూ, ఆస్పత్రులూ, రోడ్లూ అవుతాయి. హైదరాబాదులోని అమీర్‌పేట స్టేషనులో రెండు మెట్రో రైలు మార్గాలు కలుస్తాయి. 2017 నవంబరులో అక్కడికి రైళ్లు వచ్చాయి. ఈ మెట్రోను ఒక ప్రైవేటు సంస్థ కట్టింది. అయినా కేంద్ర ప్రభుత్వం 1,458 కోట్ల రూపాయల సాయం మంజూరు చేసింది. అది ప్రజల డబ్బే.

అమీర్‌పేటలో ఎల్.బి.నగర్ వైపు పోయే రైలెక్కండి. పంజగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటగానే "అసెంబ్లీ" అనే స్టేషను వస్తుంది. తెలంగాణ శాసనసభ ఉన్నది అక్కడే. ప్రభుత్వాన్ని "చిల్లర ఏదీ?" అని అడిగే చోటు అదే!

ఏటా శాసనసభ ఒప్పుకుంటేనే ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టాలి. ఖర్చయిన తర్వాత ఆ లెక్కలను తనిఖీ చేయడానికి రాజ్యాంగం ఒక పెద్ద అధికారిని ఏర్పాటు చేసింది. ఆయనను "కాగ్" అంటారు. రాష్ట్రం లెక్కలపై ఆయన ఇచ్చిన నివేదికను గవర్నరు శాసనసభ ముందు పెట్టిస్తారు. దాన్ని పట్టుకుని అధికారులను ప్రశ్నించేది ప్రజాపద్దుల సంఘం. పద్దు అంటే లెక్క. ఈ సంఘంలో వేర్వేరు పార్టీల సభ్యులు ఉంటారు. మంత్రులు మాత్రం ఉండరు. ఎందుకంటారా? పరీక్ష రాసినవాడే మార్కులు కూడా వేసుకోవచ్చునా?

ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో ఊహించి చూద్దాం. ఒక ఊళ్లో బడికి కొత్త గది కట్టారనుకోండి.

"గది పూర్తయిందా?" అని సభ్యుడు అడుగుతాడు.

"పూర్తయిందండీ. డబ్బంతా ఖర్చయింది" అంటాడు అధికారి.

"మరి పిల్లలు చెట్టు కింద ఎందుకు కూర్చున్నారు?"

"తలుపులు బిగించలేదండీ."

"తలుపులకని ఇచ్చిన డబ్బు ఏమైంది?"

చూశారా! డబ్బు ఖర్చయిందని కాగితం చెబుతుంది. పని జరిగిందా లేదా అన్నది ప్రశ్న వేస్తే గాని తేలదు.

ఇటువంటి సంఘం మొదట 1861లో ఇంగ్లండు పార్లమెంటులో ఏర్పడింది. మన దేశానికి 1921లో వచ్చింది. కాని ఆ రోజుల్లో ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసే సభ్యుడే దానికి అధ్యక్షుడు! 1950 నుంచి అది నిజంగా పార్లమెంటు సంఘమైంది. 1967 నుంచి పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా నియమించడం ఆనవాయితీ అయింది. తర్వాత ప్రధానమంత్రి అయిన మన పి.వి. నరసింహారావు 1978-79లో ఆ సంఘానికి అధ్యక్షుడు. అప్పుడాయన ప్రతిపక్షంలో ఉండేవారు.

అయితే ఈ సంఘం తనంతట తాను ఎవరినీ శిక్షించలేదు. విచారించి, ఏం చేయాలో సభకు నివేదిక ఇస్తుంది. పైగా డబ్బు ఖర్చయిన చాలా రోజులకు గాని ప్రశ్న రాదు. "అయితే ఏం లాభం?" అని మీరు అడగవచ్చు.

పంజగుట్టలో వాహనాలు పోయే ఫ్లైఓవరు ఒకటి ఉన్నది. దాన్ని కడుతుండగా 2007 సెప్టెంబరు 9న కొంత భాగం కూలి కింద ఉన్నవారి ప్రాణాలు పోయాయి. పని సరిగా జరిగిందా, చూడవలసినవారు చూశారా అన్న ప్రశ్నలు అప్పుడు పుట్టాయి. కాని కూలిన తర్వాత ఎంత అడిగినా పోయినవారు తిరిగి రారు. ప్రశ్న రేపు తప్పకుండా వస్తుందని తెలిస్తే, మనిషి ఇవాళే జాగ్రత్తపడతాడు. సిమెంటు తూచి చూస్తాడు, రసీదు దాచుకుంటాడు, తప్పు కనిపిస్తే పని ఆపిస్తాడు. లాభం అదే.

అంగడి నుంచి వచ్చేటప్పుడు మీరు దారిలోనే చిల్లర ఎందుకు లెక్కపెట్టుకుంటారు? ఇంటి దగ్గర అమ్మ అడుగుతుందని తెలుసు గనుక!