సాకేదెవరు?

ప్రేమకు గ్రీకులు పెట్టుకున్న పేర్లలో మన దాకా వచ్చినవి ముఖ్యంగా రెండు. ఎరోస్‌ను కవులూ సినిమావాళ్లూ తీసుకున్నారు, అగాపే చర్చి ప్రసంగాల్లో స్థిరపడింది. అంతగా పేరు రానిది స్టోర్గే. కన్నవాళ్లకు బిడ్డల మీద, బిడ్డలకు కన్నవాళ్ల మీద, ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి మెలిగినవాళ్లకు ఒకరి మీద ఒకరికి ఉండే మమకారం అది. పాత గ్రంథాల్లో ఈ మాట అరుదు. దాని క్రియారూపం స్టెర్గీన్ మాత్రం తరచుగా కనిపిస్తుంది. తల్లిదండ్రులు పిల్లల్ని తమలో ఒక భాగంగా ప్రేమిస్తారని నీతిశాస్త్రంలో రాసినప్పుడు అరిస్టాటిల్ వాడింది ఆ క్రియనే. దానికి ఇంకో అర్థమూ ఉంది: ఓర్చుకోవడం, ఉన్నదానితో సర్దుకోవడం. నిఘంటువులో పక్కపక్కనే కూర్చున్న ఈ రెండు అర్థాలూ జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లి వైపు వచ్చేసరికి మాత్రం కలహించుకుంటాయి.

ఇక్కడి తల్లిదండ్రుల మీద బయటివాళ్లు మోపే నేరం ఒకటుంది. పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి వలసపోతారు, లేదంటే బడికి పోవాల్సిన పిల్లను సీడ్ పత్తి చేనుకు తోలుకుపోతారు. బిడ్డల మీద ప్రేముంటే ఇట్ల చేస్తారా అని. అధికారుల సమావేశాల్లోనూ, బడి వరండాల్లోనూ, చదువుకున్నవాళ్ల కబుర్లలోనూ ఈ ప్రశ్న వినపడుతూనే ఉంటుంది. దాని వెనక ఒక లెక్క ఉంది: ప్రేమ తక్కువైంది కాబట్టి పెంపకం తక్కువైందని. నా వాదన ఆ లెక్కే తప్పని. ఇక్కడ మమకారానికి కరువు లేదు. ఆ మమకారం ఆసరాగా ఎంతో బరువును కుటుంబం మీదికి నెట్టేసి, అది కుంగినప్పుడు ప్రేమను నిందిస్తున్నాం.

ఈ ప్రశ్న పాతదే. క్రీ.శ. రెండో శతాబ్దపు తొలినాళ్లలో గ్రీసులోని నికొపొలిస్‌లో పాఠాలు చెప్పిన తత్వవేత్త ఎపిక్టెటస్ దగ్గరికి ఒక ప్రభుత్వోద్యోగి వచ్చాడు. తన చిన్న కూతురు ప్రమాదకరంగా జబ్బుపడితే చూడలేక ఇల్లు వదిలి పారిపోయానని, కోలుకుందన్న కబురు వచ్చాకే తిరిగి వెళ్లానని చెప్పాడు. అంత ప్రేమ మరి! ఎపిక్టెటస్ అడిగాడు: తల్లికీ ఆ పాప అంటే ప్రేమే కదా, ఆమె కూడా వెళ్లిపోవాల్సిందా? పెంచిన దాది? అందరూ అంతగా ప్రేమించేస్తే పాప దగ్గర మిగిలేదెవరు? శిష్యుడు అర్రియన్ రాసిపెట్టిన ఈ సంభాషణకు శీర్షిక ఫిలోస్టోర్గియా, అంటే స్టోర్గే మెండుగా ఉండటం. మమకారానికి పరీక్ష గుండెలో ఎంత బాధ ఉందన్నది కాదు, పక్కన ఎవరున్నారన్నదని ఆయన తేల్చాడు. ఈ తీర్పు పట్టుకుని, వలసపోయిన తండ్రి కూడా ఆ ఉద్యోగి లాంటివాడే కదా అని ఎవరైనా అనొచ్చు. బలమైన అభ్యంతరమే.

కానీ ఆ ఉద్యోగికి తప్పించుకోవాల్సింది తన సొంత బాధ ఒక్కటే. ఇంట్లో ఉంటే పాపకు తిండి కరువయ్యే పరిస్థితి కాదు అతనిది. నడిగడ్డ అని పిలిచే ఈ గద్వాల ప్రాంతం సంగతి వేరు. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు తుంగభద్ర పారుతున్నా మధ్యనున్న నేల ఆకాశం వంకే చూసింది. రాయచూరు జిల్లాలో తుంగభద్ర మీద కట్టిన రాజోలిబండ ఆనకట్ట కాలువ ఈ వైపు 87,500 ఎకరాలు తడపాలి. చివరి పొలాలకు నీళ్లు చేరవన్నది దశాబ్దాల ఫిర్యాదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ప్రాజెక్టు పనులకు పోయిన జనం వల్లనే 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశమంతా పాకింది. వాళ్లు పోతూ పోతూ బిడ్డను అవ్వ చేతిలో పెట్టి పోయారు, పైసలు పంపారు. ఎపిక్టెటస్ అడిగిన 'మిగిలేదెవరు' అన్న ప్రశ్నకు వాళ్లు బయల్దేరక ముందే ఒక జవాబు వెతుక్కున్నారు. అది సరిపోయే జవాబా అంటే, కాదు. అవ్వకు చూపు ఆనదు, పలక మీద ఏం రాశారో చెప్పలేదు. అయితే అది ప్రేమ లేని చోట చేసిన ఏర్పాటు కాదు, ఇంకే ఏర్పాటూ దొరకని చోట ప్రేమ చేసిన పని.

ఎపిక్టెటస్‌తో నాకు ఒక్క చోట పేచీ ఉంది. మనం ఏం చేసినా దానికి కారణం మన తలపే తప్ప బయటి పరిస్థితి కాదని ఆయన ఆ సంభాషణను ముగిస్తాడు. తాను బానిసగా పుట్టి పెరిగినవాడు ఆ మాట అనడం విచిత్రమే. ఆయన జీవితమే దీనికి మెరుగైన జవాబు ఇచ్చింది. చాలాకాలం ఒంటరిగా బతికిన ఎపిక్టెటస్ ముసలితనంలో ఒక స్నేహితుడి బిడ్డను, పేదరికం వల్ల ఆ తండ్రి వదిలేయబోతుంటే, తెచ్చుకుని ఒక స్త్రీ సాయంతో సాకాడని తర్వాతి కాలపు వ్యాఖ్యాత సింప్లీసియస్ రాశాడు. ఆ స్నేహితుడికి తలపు సరిచేసుకొమ్మని పాఠం చెప్పి పంపేస్తే బిడ్డ బతికేది కాదు.

ఇక సీడ్ పత్తి. ఇక్కడే ప్రేమ మీద నేరారోపణ మరీ గట్టిగా వినిపిస్తుంది కాబట్టి పని ఎలా జరుగుతుందో చూడాలి. 1970లో సూరత్‌లో హైబ్రిడ్-4 వచ్చినప్పటి నుంచి మన దేశంలో సంకర పత్తి విత్తనం ఎక్కువగా మనిషి చేతివేళ్ల మీదే తయారవుతోంది. పత్తిపువ్వులో ఆడ, మగ భాగాలు కలిసే ఉంటాయి. రేపు విచ్చుకునే మొగ్గను ఇవాళ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేలోపు గిల్లి పుప్పొడి తిత్తులు తీసెయ్యాలి. తెల్లారాక మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. వానాకాలం పంటలో రెండు నెలల పైచిలుకు రోజూ జరగాలి. గిల్లకుండా వదిలిన మొగ్గ తన పుప్పొడితోనే కాయ కడితే ఆ గింజ సంకర విత్తనంగా పనికిరాదు. కొనే ధర కంపెనీ చెబుతుంది, పెట్టుబడి ఆర్గనైజర్ అనే మధ్యవర్తి చేతి మీదుగా అప్పుగా వస్తుంది, విత్తనం జీవోటీ అనే స్వచ్ఛత పరీక్షలో ఫెయిలైతే రైతు పని గాలికి పోతుంది. ఈ లెక్కలో రైతు తగ్గించుకోగలిగింది కూలి ఒక్కటే, అందుకే పిల్లల చేతుల వైపు చూస్తాడు. చిన్న వేళ్లయితే మొగ్గ దెబ్బతినదన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. పెద్దవాళ్ల వేళ్లతోనూ ఆ పని చక్కగా సాగుతుంది, కాకపోతే ఖర్చెక్కువ.

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదం లేని కుటుంబ పనుల్లో పిల్లలు బడి అయ్యాకనో సెలవుల్లోనో సాయం చేయొచ్చని మినహాయింపు ఇచ్చారు. కన్నవాళ్లు కన్నవాళ్లే కదా, బిడ్డను కష్టపెడతారా అన్న నమ్మకం అందులో కనిపిస్తుంది. అంటే చట్టం కాపలా బాధ్యతను స్టోర్గేకు అప్పజెప్పింది. క్రాసింగ్ పొద్దున జరుగుతుంది, గిల్లుడు మధ్యాహ్నం మొదలవుతుంది. మధ్యలో బడికి మిగిలే సమయం ఎంతో చట్టం రాసినవాళ్లు ఒక్కరోజు చేనుగట్టు మీద నిలబడితే తెలిసేది.

అయినా ఒక అభ్యంతరం మిగులుతుంది. అంత మమకారం ఉంటే కొడుకును బడికి పంపి కూతురిని చేనుకు ఎందుకు తోలుతారు? ఈ ప్రశ్నను దాటవేయడం నిజాయితీ కాదు. మమకారం అందరికీ సమంగా అందదు. ఆడపిల్ల వాటాకు ఓర్పు ఎక్కువ, చదువు తక్కువ వస్తుంది. 2011 జనగణన ప్రకారం గద్వాల జిల్లా అక్షరాస్యత సగానికి చేరలేదు, రాష్ట్రంలోనే అట్టడుగున ఉంది. ఆడవాళ్ల లెక్క ఇంకా కింద. కానీ ఇది కూడా మారని స్వభావమేం కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని దీనికి సాక్ష్యం. పేదవాళ్లకు పిల్లల సంపాదనే ముఖ్యమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఏ పిల్లా పనికి పోకూడదు, ప్రతి పిల్లా పూర్తి సమయం బడికి పోవాలని వాళ్లు పట్టుబట్టారు. మధ్యలో బడి మానినవాళ్లకు శిబిరాలు పెట్టి, చేర్చుకోనన్న బడి తలుపులు తెరిపించారు. తలుపు తెరిచాక ఆ తల్లిదండ్రులే రాబడి పోగొట్టుకుని పిల్లల్ని, ఆడపిల్లల్ని కూడా పంపారు. సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం రావడం కన్నా ఈ ఒక్క విషయం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ప్రేమ అంతకు ముందూ ఉన్నదే, కొత్తగా వచ్చింది బడి దారి.

కాబట్టి వడ్డేపల్లిలో అవగాహన సదస్సు పెట్టి తల్లులకు బిడ్డల విలువ చెప్పే ముందు వేరే పనులున్నాయి. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ తెరిచేది గుంపు బయల్దేరక ముందా, వాళ్లు వెళ్లిన నెల రోజుల తర్వాతా అన్నది చూడాలి. అక్కడ చేరిన పిల్లకు ఇంటి అవ్వను కలిసే వీలు ఉందో లేదో చూడాలి. విత్తనం కొనే ధర ఖరారు చేసే కాగితంలో ఎరువు, మందు, దుక్కి ఖర్చులతో పాటు క్రాసింగ్ రోజులన్నిటికీ పెద్దవాళ్ల కూలి ఎంతవుతుందో వేరే వరుసలో రాసి, ఆ మొత్తాన్ని కంపెనీ చేత ఒప్పించాలి.