నలుపు కోసం ఒక తలుపు

ప్రొజెక్టర్‌కు నలుపు వేయడం చేతకాదు. దానికి తెలిసింది తెర మీదికి వెలుగు పంపడమే. నల్లగా ఉండాల్సిన చోటికి వెలుగు పోకుండా లోపలి ప్యానెల్ ఆపాలి. ఎల్‌సీడీ ప్యానెల్ ఆ పని పూర్తిగా చేయలేదు, ఎంత బిగించినా కొంత వెలుగు కారుతూనే ఉంటుంది. పాత ప్రొజెక్టర్లలో అర్ధరాత్రి సీను బూడిదరంగులో కనిపించింది అందుకే.

2004లో సోనీ వీపీఎల్-హెచ్‌ఎస్50 ప్రొజెక్టర్ ఈ కారడాన్ని ఆపలేదు గానీ, కారే వెలుగునే తగ్గించింది. సీను చీకటిదైతే మోటారు రేకులను దగ్గరికి జరిపి, వెలుగు దారిలోని కంతను ఇరుకు చేస్తుంది. తలుపులాంటి ఈ ఏర్పాటు పేరు ఐరిస్. చీకట్లో మన కంటిపాప విచ్చుకుంటుంది, ఇది ముడుచుకుంటుంది! వెలుగు పదో వంతుకు పడితే, కారేదీ పదో వంతే. పైగా ప్యానెల్‌లో ఏటవాలు కిరణాలే ఎక్కువ కారతాయి. కంత ఇరుకైతే వాటిలో చాలా భాగం బయటే ఆగిపోతుంది.

మరి ఆ సీనులో దీపం వెలుగుతుంటే? అదీ మసకబారుతుంది. దాన్ని సరిదిద్దడానికి లోపలి సర్క్యూట్ ఫ్రేమును చదివి, వెలుతురు పిక్సెళ్ల సిగ్నల్‌ను పెంచుతుంది. అసలు తెలివంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు, రేకులు కదపడం చిన్న పని. ఈ లెక్క తప్పినా, రేకులు ఆలస్యంగా కదిలినా బండారం బయటపడుతుంది. నల్ల తెర మీద తెల్లటి టైటిల్స్ పడగానే వెనకున్న నలుపు ఒక్కసారిగా తేలిపోతుంది. నిశ్శబ్దమైన సీనులో కొన్ని యంత్రాల్లో రేకుల చప్పుడు కూడా వినిపిస్తుంది.

2005లో వచ్చిన వీపీఎల్-వీడబ్ల్యూ100కు సోనీ చెప్పుకున్న కాంట్రాస్ట్ 15,000:1. ఇలాంటి అంకెను కొంచెం అనుమానంగానే చూడాలి. కంత తెరిచినప్పటి తెలుపునూ మూసినప్పటి నలుపునూ కొలిచి పక్కపక్కన పెడితే వచ్చే లెక్క అది. ఆ రెండూ ఒకే ఫ్రేములో ఎప్పుడూ కలవవు. తెలుపు, నలుపు గళ్ల బొమ్మ వేసి కొలిస్తే ఐరిస్ దాదాపు ఏ సాయమూ చేయదు. గోడలకు తెల్ల సున్నం ఉంటే, తెర నుంచి చిమ్మిన వెలుగు తిరిగొచ్చి ఆ కాస్త నలుపునూ చెడగొడుతుంది.

జేవీసీ చాలాకాలం ఈ తలుపు జోలికి పోకుండా ప్యానెల్ నలుపునే మెరుగుపరిచింది. 2013లో అదీ పెట్టుకుంది. ఇప్పటి లేజర్ యంత్రాల్లో చాలావాటికి రేకులతో పని లేదు, లేజర్‌నే తగ్గించుకుంటాయి. అయితే తగ్గేది తెర మొత్తానికీ ఒకేసారి, కాబట్టి నిండు చందమామ పక్కనున్న ఆకాశం ఎంత నల్లగా ఉంటుందన్నది ఇప్పటికీ ప్యానెల్ చేతిలోనే ఉంది.