ఒకే లోహం, మూడు గుణాలు

"లోహపు ఆక్సైడులు క్షారాలు" అని మీరు వల్లెవేసి ఉంటారు. ఈ సూత్రం అన్నిచోట్లా నిలుస్తుందా?

మా నక్కపల్లికి ఈశాన్యంగా, విజయనగరం జిల్లా గరివిడి ప్రాంతంలో మాంగనీసు ఖనిజం దొరుకుతుంది. ఈ పరివర్తన లోహాన్నే చూడండి. ఆక్సీకరణ సంఖ్య +2 గల మాంగనస్ ఆక్సైడు ఆమ్లాలలో కరిగి లవణాలనిస్తుంది. అది క్షార ఆక్సైడు. టార్చిలైటు సెల్లులోని నల్లపొడిలో ఉండే మాంగనీసు డయాక్సైడులో ఆ సంఖ్య +4; అది ద్విస్వభావ ఆక్సైడు. సంఖ్య +7 అయిన హెప్టాక్సైడు నీటితో కలిసి పర్మాంగనిక్ ఆమ్లాన్నిస్తుంది! (ఇది పేలే పదార్థం, తయారుచేయబోకండి.) బావినీటిని శుద్ధిచేసే ఊదారంగు పర్మాంగనేటు ఆ ఆమ్లపు లవణమే.

కారణమేమిటి? సంఖ్య పెరిగేకొద్దీ లోహ పరమాణువు ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు బలంగా లాక్కుంటుంది. అప్పుడు ఆక్సిజన్ తనతో ఉన్న హైడ్రోజన్‌ను అయానుగా సులభంగా వదిలేస్తుంది. అదే ఆమ్లగుణం.

కనుక "ఏ లోహం?" అనే కాదు, "ఆక్సీకరణ సంఖ్య ఎంత?" అని కూడా అడగండి.