లిఫ్టు దూరంలో ఊరు

మలయ్ భాషలో ‘కాంపుంగ్’ అంటే పల్లె. సింగపూర్‌లో అడ్మిరాల్టీ మెట్రో (ఎమ్మార్టీ) స్టేషన్ పక్కనున్న 11 అంతస్తుల కట్టడానికి అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ పెట్టిన పేరు కాంపుంగ్ అడ్మిరాల్టీ. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, నిలువునా లేచిన పల్లె ఏమిటని. వెళ్లి చూశాక నవ్వు ఆగింది.

కింద రచ్చబండలాంటి ప్లాజా. దాని మీద హాకర్ సెంటర్, అంటే తిండి దుకాణాల సముదాయం. ఆపైన, కోసిన రోజే ఇంటికి పంపే చిన్న ఆపరేషన్లు కూడా చేసే వైద్యకేంద్రం. ఇంకా పైకెళ్తే పసిపిల్లల కేంద్రం, పెద్దల కాలక్షేప కేంద్రం పక్కపక్కనే. మిద్దె మీద కూరమళ్లు. వీటిని ఆనుకునే వయసు మళ్లినవాళ్లకు 104 ఫ్లాట్లు. 2018లో దీనికి వరల్డ్ బిల్డింగ్ ఆఫ్ ది ఇయర్ బహుమతి వచ్చింది.

ఫ్లాట్లు మాత్రం బుల్లివి: 36 లేదా 45 చదరపు మీటర్లు, మన లెక్కన 43, 54 గజాలు. మనవలొస్తే పక్క పరచడానికి చోటు వెతుక్కోవాలి.

ఈ ఫ్లాట్లు చవగ్గా రావడానికి కిటుకు లీజులో ఉంది. ఇక్కడి ఫ్లాట్లను 30 ఏళ్ల లీజుకే అమ్మారు. ఆ తర్వాత 2015లో వచ్చిన టూ-రూమ్ ఫ్లెక్సీ పథకంలో 55 నిండినవాళ్లు 15 నుంచి 45 ఏళ్ల దాకా లీజు ఎంచుకోవచ్చు. దంపతులిద్దరికీ 95 ఏళ్లు వచ్చేవరకు సరిపోతే చాలు. మామూలు ఫ్లాట్లలా 99 ఏళ్ల లీజు ధర కట్టక్కర్లేదు. బయటివాళ్లకు అమ్మడానికి లేదు, వద్దనుకుంటే హెచ్‌డీబీకే తిరిగివ్వాలి.

“మరి పిల్లలకేం మిగులుతుంది?” మనవాళ్ల మొదటి ప్రశ్న ఇదే. పెద్దగా ఏమీ మిగలదు. ఇల్లంటే ఆస్తి అనుకుంటూ పెరిగిన నాకూ ఇది మింగుడుపడలేదు. ఊళ్లో మూడంతస్తుల మేడ కట్టి, మోకాళ్ల నొప్పులతో కింది గదిలోనే ఉండిపోయిన మా పెద్దనాన్న గుర్తొచ్చాక కాస్త మింగుడుపడింది. ఆయనకు మందుబిళ్ల కావాలన్నా ఎవరో ఒకరు బండి తీయాల్సిందే.

పాత ఫ్లాట్లలోనే ఉంటున్న పెద్దవయసు పౌరులకు ఈజ్ పథకం ఉంది: స్నానాలగది నేల జారకుండా పూత, పట్టుకోవడానికి కడ్డీలు, ఖర్చులో 95 శాతం దాకా సర్కారుదే. కొన్ని కూడళ్లలో పెద్దలు తమ కార్డు తాకిస్తే రోడ్డు దాటే పచ్చదీపం మరికొన్ని సెకన్లు ఎక్కువ వెలుగుతుంది.

కొత్త ఫ్లెక్సీ ఫ్లాటుకు పౌరసత్వం కావాలి. విజిట్ పాస్ మీద వచ్చిన మన అమ్మానాన్నలకు అది దొరకదు. కాంపుంగ్ ప్లాజాలో కూర్చోవడానికి మాత్రం ఏ పాసూ అడగరు. ఒక ఆదివారం వాళ్లను తీసుకెళ్లండి.